ప్రశ్న అడగరాని కచేరీ

ఎప్పటి మాటో గానీ, కలువకొండ అనే ఒకానొక రాజ్యాన్ని భూపతిరాయలు ఏలేవాడు. మంచివాడే. ప్రజల మీద ప్రేమ ఉన్నవాడే. కానీ తనకు తెలియని సంగతి ఈ భూమ్మీద ఒకటి ఉందంటే మాత్రం ఒప్పుకునేవాడు కాదు. వైద్యుడు నాడి చూడబోతే, “పైత్యం. నాకు తెలుసు” అని చెయ్యి వెనక్కి లాక్కునేవాడు. వంటవాడు కూరలో ఉప్పు సరిపోయిందేమో చెప్పమంటే, ముద్ద నోట్లో పెట్టుకోకముందే “సరిపోయింది” అనేవాడు.

ఆ రాజధానిలో అన్నిటికన్నా పల్లంలో ఉన్న పేట కుమ్మరివాడ. ఏటా వానాకాలంలో వరద ఇళ్లలోకి వచ్చేది. ఆరబెట్టిన పచ్చికుండలు మళ్లీ మట్టి అయిపోయేవి. కిందటేడు ఒక ముసలామె నిద్రలోనే కొట్టుకుపోయింది. ఆ కబురు విని రాజు రెండు రోజులు అన్నం సరిగా తినలేదు. ఈసారి వానలు రాకముందే వరద కాలువ తవ్వించి తీరాలనుకున్నాడు. పట్టణ నిర్మాణ కచేరీలో ఆరుగురు కొత్తవాళ్లను పరీక్ష పెట్టి మరీ చేర్చుకున్నాడు.

వాళ్లలో సూరమ అనే అమ్మాయి ఒకతె. ఇరవై రెండేళ్లుంటాయి. లెక్కల్లో గట్టిది. నేల మీద చెంబెడు నీళ్లు పోసి, అవి పారే తీరు చూసి వాలు చెప్పగలదు. పరీక్షలో మొదట నిలిచింది ఆ అమ్మాయే.

కచేరీ అరుగు మీద బసివయ్య అనే ముసలాయన కూర్చునేవాడు. యాభై ఏళ్లుగా ఆ ఊరి దారులు, కాలువలు గీసిన చెయ్యి ఆయనది. కొత్తవాళ్లు ఏది అడిగినా విసుక్కోకుండా చెప్పేవాడు. మొదటి పదిరోజులూ పని బాగానే సాగింది.

పదకొండో రోజున పొరుగు రాజ్యం దూతను వెంటబెట్టుకుని రాజు కచేరీకి వచ్చాడు. సరిగ్గా అదే క్షణాన ఆరుగురిలో ఒక కుర్రాడు పటం తలకిందులుగా పట్టుకుని, “తాతా, ఇందులో తూర్పు ఎటు?” అని గట్టిగా అడిగాడు.

దూత మీసాల్లో నవ్వుకున్నాడు. రాజు ముఖం కందగడ్డ అయింది.

సాయంత్రానికల్లా దండోరా పడింది. రాజుగారి కొలువులో ఉన్నవారెవరూ తమకు తెలియనిది ఇంకొకరిని అడగరాదు. అడిగినవారికి కొలువు పోతుంది. జవాబు చెప్పినవారికి ఊళ్లో నిలవ నీడ ఉండదు.

మర్నాటి నుంచి కచేరీలో గందరగోళం మొదలైంది.

కాలువ వెళ్లాల్సిన దారికి పాత గుడ్డపటం ఒకటి ఉంది. అందులో గానుగవీధి మీదుగా ఎర్రటి చుక్కలు వరసగా ఉన్నాయి. అవేమిటో పటంలో ఎక్కడా రాసిలేదు. ఒకడు అవి బావులన్నాడు. ఇంకొకడు కావలి బురుజులన్నాడు. మూడోవాడు, గీసినాయన తాంబూలం నములుతూ తుమ్మి ఉంటాడన్నాడు. నాలుగోవాడు పటాన్ని వాసన చూసి, తాంబూలం కాదని తేల్చాడు. మిగిలిన వాడు, తూర్పు అడిగి ఇంత పని చేసినవాడు, భయంతో నోరే విప్పడం లేదు.

అలా మూడు వారాలు గడిచాయి. ఆ చుక్కలు ఊరికే పెట్టినవి కావని సూరమ మనసు మాత్రం చెబుతోంది. పటం తీసుకెళ్లి అరుగు మీద, బసివయ్యకు కనబడేలా పరిచింది. ఆయన చుక్కల వంక చూసి దగ్గాడు. సూరమ వేలు కుడివైపుకు జరిపింది. మళ్లీ దగ్గాడు. ఎడమవైపుకు జరిపింది. ఇంకా గట్టిగా దగ్గాడు. మొదటి దగ్గు అవునో, రెండోది కాదో, మూడోది నిజంగా దగ్గో తెలియక ఆ పిల్ల కళ్లనీళ్లు పెట్టుకుంది.

అప్పుడే ఆస్థాన విదూషకుడు కూచన అటుగా వచ్చాడు. నవ్వించడం ఆయన కొలువు. కానీ రాజుకు ఎవరూ చెప్పలేని మాటలు చెప్పేది కూడా ఆయనే.

“ఏమ్మా, ఏడుస్తున్నావు?” అన్నాడు.

సూరమ చుట్టూ చూసి, కొంగుతో కళ్లు తుడుచుకుంది. “అయ్యా, నేను మిమ్మల్ని ఏమీ అడగడం లేదు. ఈ చుక్కలేమిటో తెలిస్తే బాగుండునని నాలో నేనే అనుకుంటున్నాను. ఎల్లుండి తవ్వకానికి ముహూర్తం పెట్టారు. గానుగవీధిలో అటూ ఇటూ నలభై ఇళ్లున్నాయి. తెలుసుననే నన్ను కొలువులోకి తీసుకున్నారు. నాకు తెలియదు. తెలియదంటే కొలువు పోతుంది, అనకపోతే ఆ ఇళ్లు ఏమవుతాయో. ఏం చెయ్యాలో తోచడం లేదు.”

బసివయ్య అరుగు మీద తల వంచుకుని కూర్చున్నాడు. ఈ వయసులో ఊరు విడిచి ఎక్కడికి పోతాడు?

కూచన నేరుగా సభకు వెళ్లాడు.

“ప్రభూ, బయట ఒక మాట అనుకుంటున్నారు. కొత్త శాసనం నౌకర్లకేనట, ప్రభువులవారికి వర్తించదట.”

“ఎవడా కూసినవాడు? నేను ఎవరినైనా ఏదైనా అడగడం నువ్వెప్పుడైనా చూశావా?” అని రాజు గర్జించాడు.

అవి రెండూ ప్రశ్నలే. సభలో ఒకరిద్దరు గమనించారు గానీ, ఎవరికి వారు పైకప్పు వంక చూశారు.

“చూడలేదు ప్రభూ,” అన్నాడు కూచన వినయంగా.

“అయితే రాసుకోండి! ఈ శాసనం నాకూ వర్తిస్తుంది. నేను అడిగినా ఎవరూ జవాబు చెప్పరాదు!”

ఆ మర్నాడే రాజుగారి కొత్త వేసవి మేడకు గృహప్రవేశం. ఆ మేడ గొప్ప వింత. శత్రువు లోపలికి వస్తే తికమకపడాలని రాజే ఊహించి కట్టించాడు. అరవైనాలుగు తలుపులు, అన్నీ ఒక్కలాంటివే. ప్రతి తలుపు మీదా నోరు తెరిచిన సింహం. ఏర్పాట్లన్నీ కూచనవి. పూజ ముగిశాక రాజు పట్టుబట్టలు మార్చుకోవడానికి లోపలి గదిలోకి వెళ్లాడు. ఆ కాస్సేపట్లో కూచన అతిథులందరినీ భోజనశాలకు తీసుకుపోయాడు.

రాజు బయటికి వచ్చేసరికి ఒక్క కాపలావాడు తప్ప ఎవరూ లేరు. నేతిలో వేగే బూరెల వాసన మాత్రం నాలుగు దిక్కుల నుంచీ వస్తోంది.

“ఒరేయ్, భోజనశాల ఎటు?”

కాపలావాడు నడుము వంచి దండం పెట్టాడు. మాట్లాడలేదు.

“నిన్నే! ఎటు?”

వాడు ఇంకాస్త వంగాడు.

రాజు పళ్లు కొరికి, ఎదురుగా ఉన్న సింహాన్ని తోసుకుని లోపలికి వెళ్లాడు. అది పరుపుల గది. ఇంకో సింహాన్ని తోశాడు. ఒక వసారా, దాని చివర మరో సింహం. దాన్ని తోస్తే గుర్రపుశాల. లోపలి గుర్రం తల తిప్పి రాజును తేరిపార చూసింది. వెనక్కి వచ్చాడు. నీళ్ల బిందె మోసుకెళ్తున్న దాసి కనబడితే ప్రాణం లేచివచ్చింది.

“అమ్మాయీ, అన్నం పెట్టేది ఎక్కడ?”

ఆమె కొంగు నోట్లో కుక్కుకుని పరుగుతీసింది.

ఇంకో తలుపు. ఇంకో తలుపు. ఎడమకు తిరిగాననుకుంటే కుడికి తేలాడు. పైకి ఎక్కాననుకుంటే కిందకు దిగి ఉన్నాడు. మొదట కోపం వచ్చింది. తర్వాత ఆకలి. ఆ తర్వాత, యుద్ధంలో కూడా ఎరగని ఒక చిన్న భయం. తన ఇంట్లోనే తను తప్పిపోయాడు. పదహారో సింహం తోస్తే మళ్లీ ఆ కాపలావాడే వంగి కనబడ్డాడు. రాజు మెట్టు మీద కూలబడి, కిరీటం తీసి ఒళ్లో పెట్టుకున్నాడు.

అప్పుడు కూచన వచ్చాడు.

“కూచనా! ఎక్కడ చచ్చావు? భోజనశాల ఎటు?”

“ప్రభువులకు తెలియని దారి ఉంటుందా!”

“తెలియదు!” అని అరిచాడు రాజు.

ఆ మాట వసారా అంతా మోగింది. కాపలావాడు వంగిన చోటనే కళ్లు మూసుకున్నాడు. రాజు నోట ఆ మాట ఈ జన్మలో వింటానని వాడు అనుకోలేదు.

“ఈ మేడ గీయించింది, కట్టించింది మీరే కదా ప్రభూ.”

“కట్టించడం వేరు, తిరగడం వేరు! నేను దీనికి కొత్త!”

“పరీక్ష గెలవడం వేరు, పనిలో తిరగడం వేరు ప్రభూ,” అన్నాడు కూచన. ఆయన గొంతులో ఇప్పుడు నవ్వు లేదు. “కచేరీలో ఆరుగురు పిల్లలు మూడు వారాలుగా ఇలాగే తలుపులు తోస్తున్నారు. మీరు తప్పు తలుపు తోస్తే పరుపులు కనబడ్డాయి. వాళ్లు రేపు గానుగవీధిలో నేల తవ్వబోతున్నారు. తప్పయితే నలభై ఇళ్లు కూలతాయి. దారి తెలిసిన ముసలాయన పక్కనే ఉన్నాడు. ఈ కాపలావాడిలాగే వంగి నిలబడ్డాడు.”

రాజు కిరీటం అంచును వేలితో రాస్తూ కూర్చున్నాడు.

“ఆ పిల్లల్ని పిలిపించు. ముసలాయన్ని కూడా,” అన్నాడు చివరికి. తర్వాత గొంతు తగ్గించి, “అన్నం సంగతి...” అన్నాడు.

“మూడో సింహం దగ్గర ఎడమకు, ప్రభూ.”

“జవాబు చెప్పావు. నీకు ఊరి బహిష్కారం.”

“అడిగింది తమరు. సింహాసనం ఎవరికి అప్పగించి వస్తారో చెబితే, ఇద్దరం కలిసే పోదాం.”

రాజు పెదవి బిగబట్టి చూశాడు గానీ నవ్వు ఆగలేదు.

బూరెలు వడ్డిస్తుండగానే, విస్తళ్లు పక్కకు జరిపి సూరమ పటం పరిచింది. శాసనం రద్దయిందని రాజు తన నోటితో చెప్పినా, ఆమె ఒకసారి ఆయన ముఖం చూసుకుని మరీ అడిగింది.

“తాతా, ఈ చుక్కలేమిటి?”

“ఊబి, తల్లీ!” అన్నాడు బసివయ్య, ఇన్నాళ్లూ గుండెల్లో అడ్డం పడ్డది బయటపడినట్టు. “ఏరు ఒకప్పుడు అటే పారేది. పైన గట్టిగా ఉంటుంది, నిలువు లోతు తవ్వితే ఇసుక జారిపోతుంది. ఆ గుర్తులు పెట్టింది మా నాన్న. ఒక వీధి ఇవతలికి జరగండి. అక్కడ అడుగున రాయి ఉంది.”

ఇక సూరమ ఆగలేదు. రాయి ఎంత లోతులో ఉందో, వాలు చాలుతుందో లేదో, మలుపు దగ్గర కట్ట ఎంత ఎత్తు పెట్టాలో, ఒకదాని వెంట ఒకటి అడిగింది. మిగతా ఐదుగురూ చుట్టూ మూగారు. మూగబోయిన కుర్రాడు కూడా, పటం ఎటు పట్టుకోవాలో ముందే చూసుకుని మరీ, ఒక ప్రశ్న అడిగాడు. రాజు బూరె చేత్తో పట్టుకుని, తినడం మరిచి వింటున్నాడు.

తవ్వకం వీధి మార్చి మొదలుపెట్టారు. నెలన్నరకు కాలువ పూర్తయింది. ఆ తర్వాత నాలుగో రోజునే వాన దిగింది.

మూడు రోజులు ఎడతెరిపి లేకుండా కురిశాక, రాజు ఉండబట్టలేక కూచననూ, పరివారాన్నీ వెంటబెట్టుకుని కుమ్మరివాడకు వచ్చాడు. ఎర్రటి నీరు కాలువ నిండా పరుగులు తీస్తోంది. గట్టున సూరమ కొలత కర్ర పట్టుకుని తడుస్తూ నిలబడి ఉంది.

“అమ్మాయీ, నీరు ఇక్కడ ఇంత వడిగా పోతోందేం?”

ఆమె చెప్పింది.

“ఆ మలుపు దగ్గర గట్టు తెగదు కదా?”

ఎందుకు తెగదో చెప్పింది.

“ఏదో ఒక ఏడు దీనికి రెండింతల వాన పడితే?”

సూరమ నీళ్ల వంక చూసింది. కర్ర మీది గీతలు చూసింది.

“తెలియదు ప్రభూ,” అంది. “లెక్కవేసి, తాతను అడిగి, మూడు రోజుల్లో చెబుతాను.”

గొడుగు పట్టిన మంత్రి ఒకడుగు వెనక్కి వేశాడు. రాజు ఆ పిల్ల వంక ఒక్క క్షణం చూశాడు. ఆ తర్వాత నవ్వడం మొదలుపెట్టాడు. గొడుగు పక్కకు ఒరిగి తల తడుస్తున్నా నవ్వుతూనే ఉన్నాడు.

“ముప్ఫై ఏళ్లుగా రాజ్యం చేస్తున్నాను కూచనా! నేనూ, నా చుట్టూ ఉన్నవాళ్లూ ‘తెలుసు, తెలుసు’ అనేవాళ్లమే. నమ్మదగిన మాట ఇవాళ విన్నాను.”

అక్కడికక్కడే తన చేతి కంకణం తీసి కూచన చేతికి తొడిగాడు. బసివయ్యను కచేరీకి గురువుగా నియమించి, అరుగు మీద కాదు, లోపల పెద్దపీట వేయమన్నాడు. కట్టబోయే ఏటి వంతెన పని సూరమకూ, ఆమె తోటి ఐదుగురికీ అప్పగించాడు.

ఆ నవ్వు విని కుమ్మరివాడ ఆడవాళ్లు పిల్లల్ని చంకన వేసుకుని గుమ్మాల్లోకి వచ్చి చూశారు. గుమ్మాలన్నీ పొడిగా ఉన్నాయి.