నీలాలరేవులో ఎంతమంది

నీలాలరేవులో మతిమరుపు జబ్బు ఒక్కరికి కూడా లేదని తేలేసరికి, సిస్టర్ లూర్దు మేరి పరుగులాంటి నడకతో మదర్ గదికి వెళ్ళింది.

మదర్ ఇన్నాసమ్మ కిటికీ దగ్గర కూర్చుని చింతపండులో గింజలు తీస్తోంది. డెబ్బై రెండేళ్ళ మనిషి. యాభై ఏళ్ళుగా ఆ సముద్రతీరంలో నర్సుగా పనిచేస్తోంది. లూర్దుకి ఇరవై ఆరు. గుంటూరు వైపు పిల్ల. నర్సింగు చదివి, కన్యాస్త్రీల మఠంలో చేరి రెండేళ్ళయింది. పనిలోనూ ప్రార్థనలోనూ మదర్ దగ్గరే శిష్యరికం.

మతి తప్పుతున్న పెద్దవాళ్ళు పగటిపూట కూర్చోడానికి ఒక పాక, వారానికి మూడు రోజులు వాళ్ళను చూసుకోడానికి ఒక నర్సు. మఠానికి ఉన్న శక్తి అంతే. పాక ఒక్కటి, ఊళ్ళు మూడు. ఎక్కడ వెయ్యాలో చూసి చెప్పమని లూర్దుకి అప్పగించారు. మూడు నెలలు ఇల్లిల్లూ తిరిగింది.

"చూడండి మదర్," అంటూ కాగితం పరిచింది. "పట్నంలో స్టేషన్ వీధి ఇది. అరవైల్లో ఉన్నవాళ్ళలో నూటికి ఒకరో ఇద్దరో. డెబ్బై దాటితే ఇంకొంచెం. ఎనభై దాటినవాళ్ళలో ప్రతి ఐదుగురికీ ఒకరు. వయసు ఐదేళ్ళు పెరిగినప్పుడల్లా ఈ అల్జైమర్స్ దాదాపు రెట్టింపు అవుతుందని కాలేజీలో చెప్పారు. అలాగే వచ్చింది!"

"జీడితోటల ఊళ్ళో?"

"కాస్త తక్కువ. కానీ వయసుతో పెరగడం మాత్రం అలాగే ఉంది."

"రేవులో?"

లూర్దు ముఖం వెలిగిపోయింది. "సున్నా మదర్! అరవై దాటినవాళ్ళు నలభై ముగ్గురు. ఒక్కరికీ లేదు. చేపలు తింటారు, ఒళ్ళొంచి పని చేస్తారు, అందుకేనేమో. దీని మీద ఒక వ్యాసం రాయొచ్చు."

"వాళ్ళని ఏమని అడిగావు?"

"పట్నంలో అయితే ప్రశ్నల కాగితం ఇచ్చాను. తారీకు చెప్పడం, గడియారం బొమ్మ గీయడం, మూడు మాటలు గుర్తుపెట్టుకోవడం. రేవులో చాలామందికి చదువు రాదు కదా. ఆ కాగితం పెడితే బాగున్నవాళ్ళు కూడా తప్పుతారు. అందుకని ఇంట్లోవాళ్ళనే అడిగాను, మీ పెద్దవాళ్ళకి మతిమరుపు జబ్బు ఉందా అని. ఒక్కరూ ఉందనలేదు."

మదర్ చేతులు తుడుచుకుంది. "కాగితం పెట్టకపోవడం మంచి పని చేశావు. రేపు పొద్దున్నే నన్ను కూడా తీసుకెళ్ళు. పెన్ను తేకు."

మర్నాడు ఇద్దరూ ఇసకలో నడిచి నీలాలరేవు చేరారు. చిన్నంతల్లి ఇంటి అరుగు మీద కూర్చున్నారు. చిన్నంతల్లి అత్త బండెమ్మకి ఎనభై దాటాయి. చేపల పొట్టలు చీల్చి ఉప్పు పట్టిస్తోంది. చెయ్యి ఒక్కసారి కూడా తడబడటం లేదు. కోడలు ఆమెకి ఆనుకునే కూర్చుని ఉంది.

దారిన ఒక మనిషి వల భుజాన వేసుకుని పోతూ ఆగాడు. "అత్తా, నాను ఎల్లాజీని. సూరమ్మ పెద్దకొడుకుని. యేటకెల్తన్నాను."

"ఎల్లిరా నాయినా," అంది బండెమ్మ సంతోషంగా.

వెనకే బిందెతో ఒకామె. "నాను దేముడమ్మనత్తా. మీ ఎనకింటిదాన్ని. నీలకెల్తన్నాను."

లూర్దు మురిసిపోయింది. "ఎంత మర్యాదో చూడండి మదర్. దారినపోయేవాళ్ళు కూడా పేరు చెప్పుకుని పోతారు."

మదర్ చిన్నంతల్లి కళ్ళ కేసి చూస్తోంది. ఎర్రగా, లోతుకి పోయి ఉన్నాయి. ఆ పైన ఆమె చూపు కిందకి దిగింది. చిన్నంతల్లి కొంగు చివర, అత్త కొంగు చివర కలిపి ముడేసి ఉన్నాయి.

"ఇదేమిటి తల్లీ?"

"అత్త లెగిస్తే నాకు తెలియాల కదా," అంది చిన్నంతల్లి, అందులో ఏముందన్నట్టు. "ఓపాలి కడలికేసి నడిసెల్పోనాది. నడుం లోతుదాకా. ఎల్లాజీ సూసి తెచ్చినాడు. ఆవేల్టి నించీ ఇలగే."

"ఎన్నాళ్ళయింది?"

"మూడేళ్ళు."

"బజారుకి వెళ్ళి చేపలమ్మేదానివి కదూ?"

చిన్నంతల్లి నవ్వి, గోడవార బోర్లించిన గంప కేసి చూసింది.

మదర్ వంగి ఆ ముడి విప్పింది. చిన్నంతల్లి కొంగు వదిలేసి, లూర్దు తెల్లచీర కొంగు లాగి, దాన్ని బండెమ్మ కొంగుతో ముడేసింది.

"నువ్వు లోపలికి పోయి పడుకో," అంది చిన్నంతల్లితో. "ఈ అమ్మాయి ఉంటుంది."

చిన్నంతల్లి గుమ్మం లోపల చాప మీద ఒరిగింది. ఒరగడమే ఆలస్యం, నిద్రపట్టేసింది. పిడికిలి మాత్రం ఇంకా దేన్నో పట్టుకున్నట్టే బిగిసి ఉంది. మదర్ లేచి పక్కింటి వాళ్ళతో మాట్లాడటానికి వెళ్ళిపోయింది.

బండెమ్మ తలెత్తింది. "ఎవులు గుంటవే నువ్వు?"

"లూర్దునమ్మా. మఠం నుంచి వచ్చాను."

"మంచిదే. ఆ ఉప్పు ఇలగియ్యి."

నాలుగు చేపలు అయ్యాయి. "ఎవులు గుంటవే నువ్వు?"

లూర్దు చెప్పింది. మళ్ళీ అడిగింది. మళ్ళీ చెప్పింది. మధ్యలో బండెమ్మ రెండుసార్లు లేచి సముద్రం వైపు నడవబోయింది. కొంగుతో పాటు లూర్దూ లేచి, బతిమాలి కూర్చోబెట్టింది. ఎండ ముఖానికి కొడుతోంది. ఏడోసారి అడిగినప్పుడు లూర్దు గొంతు కాస్త పెరిగింది. "చెప్పాను కదమ్మా, లూర్దునని!"

బండెమ్మ చేతిలో కత్తి ఆగిపోయింది. ముడుచుకుపోయి, "కోప్పడకే తల్లీ. నానేటైనా తప్పు సేసినానేటి?" అంది.

లూర్దు ఆ ఉప్పు చేతిని తన రెండు చేతుల్లోకి తీసుకుంది. "లేదమ్మా. నువ్వేం చెయ్యలేదు."

ఆ తర్వాత ఆమె అడిగేదాకా లూర్దు ఆగలేదు. బండెమ్మ తల ఎత్తబోతుండగానే, "నేను లూర్దునమ్మా, మఠం నుంచి వచ్చాను, నీకు ఉప్పందిస్తున్నాను," అంది. ముసలామె ముఖంలో బెదురు పోయింది. "అదే అనుకుంతన్నాను," అంది నవ్వుతూ.

అప్పుడే ఎల్లాజీ మరచిపోయిన పగ్గం కోసం వెనక్కి వచ్చాడు. "అత్తా, నాను ఎల్లాజీని. సూరమ్మ పెద్దకొడుకుని."

లూర్దు ఉలిక్కిపడి అతని కేసి చూసింది.

"ఎల్లాజీ," అంది మెల్లిగా, "ఇలా పేరు చెప్పుకుని పోయే ఇళ్ళు ఈ ఊళ్ళో ఇంకా ఉన్నాయా?"

ఇదేం ప్రశ్న అన్నట్టు చూసి, అతను వేళ్ళు మడవడం మొదలుపెట్టాడు. "కాసులమ్మప్ప ఇల్లు. బోడి తాత ఇల్లు. కొయ్యోడి అమ్మ..." అన్నీ చెప్పి, "ఈ ఇంటితో కలిపి ఏడమ్మా," అన్నాడు.

"అందరూ ముసలివాళ్ళేనా?"

"అప్పన్న బావ ముసిలోడు కాడు. యాభై రెండేళ్ళుంటాయి. వల ముడులు మర్సిపోనాడు. పడవెక్కితే పెమాదం కదా, ఒడ్డున తాడు పట్టుకోమని కూకోబెట్టినాం. ఆడు పట్టుకుంటేనే పడవ నిలబడతాదని సెప్తాం."

అరవై దాటనివాళ్ళ సంగతి లూర్దు అసలు అడగనే లేదు.

"మరి మీ ఇళ్ళకొచ్చి నేను అడిగితే ఒక్కరూ చెప్పలేదేం?"

"నువ్వు జబ్బున్నాదేటని అడిగినావు," అన్నాడు ఎల్లాజీ. "జబ్బేటి? ఆళ్ళు మర్సిపోతారు, మేం సెప్తాం." పగ్గం భుజాన వేసుకుని వెళ్ళిపోయాడు.

మధ్యాహ్నం దాటాక చిన్నంతల్లి గాబరాగా లేచింది. చాప మీద కొంగు కోసం తడుముకుంది. అరుగు మీద ఇద్దరూ పక్కపక్కన కూర్చుని చేపలు ఎండబెడుతూ కనిపించారు. గుమ్మానికి ఆనుకుని అలాగే నిలబడిపోయింది. చెంపల మీద చాప అచ్చులు.

తిరిగి వస్తుంటే లూర్దు అడిగింది. "మీకు ముందే తెలుసా మదర్?"

"తెలీదమ్మా. అందరూ చెప్తున్నారు కదా అని ఆ ఇళ్ళ ముందు నేనూ పేరు చెప్పే పోయేదాన్ని. ఊరి అలవాటనుకున్నాను." కొంచెం దూరం నడిచాక నవ్వింది. "యాభై ఏళ్ళ నర్సుని!"

తర్వాతి వారమంతా లూర్దు మూడు ఊళ్ళూ మళ్ళీ తిరిగింది. నలభై ఏళ్ళ వాళ్ళ దగ్గర్నుంచి మొదలుపెట్టింది. ప్రశ్నల కాగితంలో ఒక్క తప్పూ చెయ్యని రిటైర్డ్ హెడ్మాస్టరు ఒకాయన, స్టేషన్ వీధిలో తన ఇంటికి తనే దారి తప్పుతున్నాడని ఆయన భార్య వంటింట్లోకి తీసుకెళ్ళి చెప్పింది. లూర్దు అంతకు ముందు ఆ వంటింటి దాకా వెళ్ళలేదు.

పాక చివరికి నీలాలరేవులోనే వేశారు. వారానికి మూడు రోజులు చిన్నంతల్లి గంప ఎత్తుకుని బజారుకి వెళ్తోంది. స్టేషన్ వీధికి మిగతా రోజుల్లో మదర్ తనే వెళ్తానంది.

కానీ అది ఒప్పుకోడానికి ముందు, మఠం ఖర్చులు చూసే ఫాదర్ దేవసహాయం లూర్దు పాత లెక్క, కొత్త లెక్క రెండు కాగితాలూ పక్కపక్కన పెట్టి చాలాసేపు చూశాడు.

"పది రోజుల కిందట సున్నా. ఇప్పుడు ఏడు," అన్నాడు. "ఈ జబ్బు ఇంత వేగంగా పెరుగుతుందా సిస్టర్?"

లూర్దు మదర్ వైపు చూసింది. మదర్ కిటికీలోంచి బయటికి చూస్తోంది.

"జబ్బు పెరగలేదు ఫాదర్," అంది లూర్దు. "నేను అక్కడ కాసేపు కూర్చున్నాను."