కాకరకాయ ముద్ద

అనగనగా, కాలువ గట్టునే అంటిపెట్టుకుని ఒక ఊరు ఉండేది, బంగారూ. ఆ ఊళ్ళో పిల్లలకు అన్నం పెట్టే పద్ధతి ఒకటుండేది. మొదటి ముద్దకు ఆవుదూడను చూపించేవారు. రెండో ముద్దకు కాకమ్మను పిలిచేవారు. మూడో ముద్దకు పిల్ల మూతి తిప్పితే, “తినకపోయావో, పోలీసు పట్టుకుపోతాడు” అనేవారు. ఆ మాటకు ఎంత మొండి నోరైనా తెరుచుకునేది.

ఆ ఊళ్ళో రత్తి అని ఏడేళ్ళ పిల్ల. దానికి తల్లీ తండ్రీ నాయనమ్మ వరహాలమ్మే. ఒకనాడు పొద్దున నాయనమ్మ కాకరకాయ కూర కలిపి, ముద్దలు చేసి కంచంలో పెట్టి, నీళ్ళకు వెళ్ళింది. అప్పుడు రత్తి ఆ ముద్దల్లో రెండింటిని కోడిపెట్టకు వేసింది. కోడి కూడా ఒకదాన్ని పొడిచి చూసి, తినకుండా వెళ్ళిపోయింది.

సరిగ్గా అప్పుడే వీధిలోకి పోలీసు జీపు వచ్చింది. పాపం, అది వచ్చింది ఎందుకనుకున్నావు? “ఎగువన లాకులు ఎత్తారు, కాలువకు నీళ్ళు వస్తున్నాయి, పిల్లలు జాగ్రత్త” అని చెప్పడానికి.

రత్తి మాత్రం తన కోసమే అనుకుంది. పరుగెత్తి, పరుగెత్తి, గట్టు కింద తూములో దూరింది. అది పిల్ల పట్టేంతే గాని పెద్దవాళ్ళు పట్టేది కాదు.

ఆ తర్వాత ఊరంతా వెదికారు. రత్తి ఎక్కడుందో తోటిపిల్లలకు తెలుసు. అయినా పోలీసును చూసి ఒక్కరూ నోరు విప్పలేదు. చివరికి తూము అంచున తెగిపడిన రిబ్బను నాయనమ్మకే కనబడింది.

జీపులో వచ్చిన కానిస్టేబులు పేరు సింహాద్రి. ఆయన తూము దగ్గర వంగి, ఈల వేశాడు. రత్తి మూరెడు లోపలికి జరిగింది. అప్పుడు ఆయన టోపీ, లాఠీ గట్టున పెట్టి, “రా తల్లీ” అన్నాడు. రత్తి ఇంకో మూరెడు జరిగింది. దూరాన నీళ్ళ చప్పుడు వినిపించింది.

“అమ్మా, ఈ పిల్లకు నేనంటే ఇంత భయం ఎందుకు?” అని అడిగాడు సింహాద్రి.

నాయనమ్మ తల దించుకుంది. “ఆ భయం నేను పెట్టిందే బాబూ. రోజూ ముద్దలో కలిపి పెట్టాను.”

“అయితే ఆ ముద్ద నాకూ పెట్టండి.”

పిల్లలు ఇంటికి పరుగెత్తి కంచం తెచ్చారు. సింహాద్రి తూముకు ఎదురుగా బురదలోనే చతికిలబడ్డాడు. నాయనమ్మ మిగిలిన కాకరకాయ ముద్ద ఆయన నోట్లో పెట్టింది. అంత మీసమూ వంకర తిరిగిపోయింది.

లోపలినుంచి చిన్న గొంతు వచ్చింది. “నీకూ చేదేనా?”

“విషం తల్లీ!”

“మరి ఉమ్మేస్తే నిన్నెవరు పట్టుకుపోతారు?”

“మా ఇంట్లో మా అమ్మ ఉంది. ఆవిడొక్కతే చాలు.”

తూములో కిసుక్కుమని నవ్వు. ఆ తర్వాత ఒక చెయ్యి, ఆ తర్వాత మట్టి అంటిన మొహం. సింహాద్రి ఆ చేతిని పట్టుకుని పైకి లాగాడు. గట్టెక్కి వెనక్కి చూసేసరికి తూము నిండా నీళ్ళు పారుతున్నాయి.

నాయనమ్మ రత్తిని గుండెకు హత్తుకుంది. “కొంచెంలో నా మాటే నీకు చావు తెచ్చేది కదే తల్లీ” అని ఏడ్చింది. ఆనాటి నుంచి ఆ ఊళ్ళో మూడో ముద్దకు మాట మారింది. “ఇది సింహాద్రి మావయ్యకు” అనేవారు. పిల్లలు ఆయనకు దక్కకుండా తామే గబుక్కున మింగేవారు. కాలువలో ఎవరి కాలు జారినా, ముందు ఆయన దగ్గరికే పరుగెత్తేవారు.

రత్తి ఏమైందంటావా? కాకరకాయ అంటే ఇప్పటికీ మూతి ముడుచుకుంటుంది. ఇదిగో, నీ తల కింద చెయ్యి పెట్టి పడుకుంది. అందుకే బంగారూ, నీకు అన్నం పెడుతూ నేను ఎవరి పేరూ చెప్పి భయపెట్టలేదు.

కాలువ నీళ్ళు చేలకి,
చేదు ముద్ద కోడికి,
కథ నడిచింది కంచికి,
కళ్ళు మూసి మనం నిద్దరికి.