రాయుడి ఇళ్లు, పాలమ్మ ఇల్లు

గోరింటకొండ అడవిలో ఒక పెద్ద తానిచెట్టు ఉండేది. దాని మొదట్లో రాళ్ల సందున ఒక ముసలి తాబేలు, పక్కనున్న గడ్డిలో ఒక దుప్పి, దాని చిన్న పిల్ల, పై కొమ్మల మీద ఒక కొండముచ్చు ఉండేవి. ఆ చెట్టు తొర్రలో కొమ్ముపిట్టల జంట కాపురం ఉండేది. కొమ్ముపిట్టలంటే ముక్కు మీద కొమ్ములాంటిది మొలిచిన పెద్ద పిట్టలు. మగపిట్ట పేరు గంగులు, ఆడపిట్ట పేరు పాలమ్మ.

అదే అడవిలో చెంగల్రాయుడనే పెద్ద ఉడుత ఉండేవాడు. మీ పెరట్లో గెంతే చారల ఉడుత అనుకునేరు! ఇతను పిల్లి అంత ఉంటాడు, తోక ఒంటికంటే పొడుగు. ఆ తోకను చూసుకుని మురిసిపోని పూట లేదు. దానికంటే ఎక్కువ మురిపెం తన ఇళ్లంటే. ఆకులూ పుల్లలూ అల్లి మద్దిచెట్టు మీద ఒకటి, నేరేడు మీద ఒకటి, ఇప్పచెట్టు మీద ఒకటి, ఇంకా ఎన్నో కట్టాడు. ఏ పూట ఎక్కడ బుద్ధి పుడితే అక్కడ పడుకునేవాడు. కట్టడంలో రాయుడి పనితనం మెచ్చుకోవలసిందే. కాకపోతే ఆ మెచ్చుకోవడమేదో అతనే ముందుగా మొదలుపెట్టేవాడు.

ఒక రోజు రాయుడు తానిచెట్టు దగ్గరికి వచ్చి, "దుప్పక్కా, నీ ఇల్లేదీ?" అని అడిగాడు.

"నా పిల్ల ఎక్కడ నిలబడితే అదే మా ఇల్లు" అంది దుప్పి.

"అయితే నీకు ఇల్లే లేదన్నమాట! మరి నీదో, తాబేలవ్వా?"

"వీపు మీద మోస్తున్నాను కదరా, కనబడటం లేదూ?"

"అది ఇల్లా? బరువు!" అని రాయుడు పడీ పడీ నవ్వాడు. "ఇల్లంటే నావి. చూసి నేర్చుకోండి."

తాబేలు తల లోపలికి లాక్కుంది.

ఎండలు మొదలయ్యాయి. పాలమ్మ గుడ్లు పెట్టే వేళయింది. ఆమె తొర్రలోకి దూరింది. గంగులు బయటి నుంచి తడిమట్టి తెచ్చి అందించాడు. పాలమ్మ ఆ మట్టిలో తన రెట్ట కలిపి, లోపలి నుంచే తొర్ర నోరు మూసేసింది. ఛీ అనకండి! ఆ గోడ ఎండితే రాయిలా గట్టిపడుతుంది. పాము దూరలేదు, పిల్లి గోళ్లతో పీకలేదు. గంగులు ముక్కు పట్టేంత సందు మాత్రం మిగిలింది. ఇక పిల్లలు కాస్త పెద్దయ్యేదాకా పాలమ్మ బయటికి రాదు. లోపల ఆమె రెక్కల ఈకలు కూడా రాలిపోతాయి. రావాలన్నా ఎగరలేదు.

అంత నమ్మకంతో తలుపు మూసుకున్న తల్లిని ఆ అడవిలో చూసి తీరాలి. అంత నమ్మకాన్ని నిలబెట్టిన గంగులునీ చూసి తీరాలి. పొద్దున్న ఒకసారి, ఎండ వాలాక ఒకసారి గొంతు నిండా మేడిపళ్లు నింపుకుని వచ్చేవాడు. ఒక్కొక్క పండే పైకి తెచ్చి, సందులోంచి పాలమ్మ నోటికి అందించేవాడు. తను తిన్నాడో లేదో ఎవరికీ తెలియదు. అతను ఎగిరి వస్తుంటే రెక్కల చప్పుడు చెట్టంతా వినిపించేది. ఆ చప్పుడు వింటూనే దుప్పి నీళ్లకు బయలుదేరేది, తాబేలు నీడలోకి జరిగేది. గంగులు రాకపోకలే వాళ్లకు గడియారం.

రాయుడు మాత్రం సందు దగ్గర మూతి పెట్టి ఎకసెక్కం చేశాడు. "పాలమ్మా, నీది ఇల్లు కాదు, జైలు. నన్ను చూడు, ఎన్ని తలుపులో!"

లోపలి నుంచి పాలమ్మ నెమ్మదిగా అంది. "తలుపులదేముంది రాయుడూ. మా ఆయన వస్తాడు. అందుకే ఇది ఇల్లు."

కొన్నాళ్లకు తొర్రలోంచి పిల్లల కూతలు వినిపించాయి. ఆ మరునాడే పెద్ద గాలిదుమారం వచ్చింది. గాలి ఆగింది, ఎండ వాలింది, గంగులు రెక్కల చప్పుడు మాత్రం వినబడలేదు.

తాబేలు మెడ చాచి ఆకాశం వంక చూసింది. "గంగులు రాలేదు. ఏదో అయింది" అంది. దుప్పి అప్పటికే లేచి నిలబడింది. కొండముచ్చు కొమ్మ దిగి వచ్చాడు. ముగ్గురూ మూడు వైపులా వెతికారు. మేడిచెట్టు కింద ముళ్లపొదలో గంగులు దుప్పికి దొరికాడు. గాలి విసిరికొట్టడంతో రెక్క వాచిపోయింది. తన నొప్పి మాట ఎత్తలేదు, "పిల్లలు తిన్నారా?" అని మాత్రం అడిగాడు. దుప్పికి కళ్లనీళ్లు తిరిగాయి.

పాలమ్మకు ఎవరో ఒకరు పళ్లు అందించకపోతే లోపల మూడు ప్రాణాలు పోతాయి. ఆ తొర్ర వెనక కొమ్మ మీదే రాయుడి గూడు ఒకటి ఉంది. కొండముచ్చు అతన్ని పిలిచి, "రాయుడూ, తొర్ర దగ్గర మాను నున్నగా ఉంది, నాకు కాలు పట్టు దొరకడం కష్టం. నువ్వయితే పాలమ్మకు చిటికెలో పళ్లు అందిస్తావు" అన్నాడు.

"నాకెక్కడ తీరిక మామా? ఇప్పచెట్టు ఇల్లు గాలికి వదులైంది, మద్దిచెట్టు ఇంటికి కొత్త ఆకులు కప్పాలి" అని రాయుడు తోక ఊపుకుంటూ వెళ్లిపోయాడు.

కొండముచ్చు అతన్ని మళ్లీ బతిమాలలేదు. దుప్పి రాలిన పళ్లెక్కడున్నాయో చూపించింది. కొండముచ్చు నోటి నిండా కుక్కుకుని, జారుతూ పాకుతూ తొర్ర దాకా ఎక్కాడు. అరచేతులు గీరుకుపోయాయి. అయినా పండు వెంట పండు సందులో పెట్టాడు. తాబేలు గంగులు పక్కనే కూర్చుని, చీమలు పట్టకుండా కాపు కాసింది. గంగులు రెక్క బాగయ్యేదాకా ఆ చాకిరీ సాగింది. వాళ్ల ఓపికకు ఎన్ని దండాలు పెట్టినా తక్కువే.

తొలకరికి ముందు పాలమ్మ గోడ పగలగొట్టుకుని కొత్త ఈకలతో బయటికి వచ్చింది. వెనకే రెండు పిల్లలు. ఆ రోజు తానిచెట్టు దగ్గర ఒకటే సందడి.

తర్వాత వానలు పట్టుకున్నాయి. ఒక మధ్యాహ్నం గాలివాన నేరేడుచెట్టును ఊపేసింది. పై కొమ్మ ఒకటి విరిగి, గూటిని నలగ్గొట్టి, లోపల పడుకున్న రాయుడి మీద పడింది. తోక కొమ్మ కింద నలిగిపోయింది. ఒళ్లు రెండు కొమ్మల మధ్య ఇరుక్కుంది.

"కాపాడండి!" అని అరిచాడు. వానలో ఎవరికి వినబడుతుంది?

వాన వెలిసింది. ఎవరూ రాలేదు. మరునాడూ ఎవరూ రాలేదు. రాయుడు కనబడకపోతే మద్దిచెట్టు మీది పిట్టలు ఇప్పచెట్టు ఇంట్లో ఉన్నాడనుకున్నాయి. ఇప్పచెట్టు మీది పిట్టలు మద్దిచెట్టు ఇంట్లో ఉన్నాడనుకున్నాయి. అన్ని ఇళ్లున్నాయి, ఏ ఇంటి దగ్గరా అతని కోసం చూసేవాళ్లు లేరు. ఆ మాట తట్టగానే రాయుడికి దెబ్బ నొప్పి కంటే అదే ఎక్కువ నొప్పి పెట్టింది. గుక్కపట్టి ఏడ్చాడు.

గొంతులో పళ్లతో అటుగా ఎగురుతున్న పాలమ్మకు ఆ ఏడుపు వినిపించింది. వెంటనే కొండముచ్చును పిలుచుకొచ్చింది. అతను విరిగిన కొమ్మ ఎత్తాడు. పాలమ్మ గొంతులోంచి ఒక మేడిపండు తెచ్చి రాయుడి నోటికి అందించింది.

"నేను కనబడటం లేదని ఎలా తెలిసింది?" అని రాయుడు ఆశగా అడిగాడు.

పాలమ్మకు అబద్ధం చేతకాదు. "తెలియలేదు రాయుడూ. దారిన పోతుంటే వినబడింది, అంతే."

రాయుడు తల దించుకున్నాడు.

నలిగిన సగం తోక ఊడిపోయింది. తోక లేక దూరపు దూకుళ్లు దూకలేకపోయాడు. తానిచెట్టు మీది గూడొక్కటే అతనికి మిగిలింది. మొదట్లో సిగ్గుతో ముడుచుకుని కూర్చునేవాడు. ఒక సాయంత్రం దుప్పిపిల్ల ఎంతకీ రాకపోయేసరికి, ఎవరూ అడగకుండానే చిటారుకొమ్మకు ఎక్కి నలుదిక్కులా చూశాడు. "దుప్పక్కా, అదుగో, వాగు దగ్గరుంది!" అని గొంతు చించుకుని అరిచాడు. ఆ రోజు నుంచి ఎవరు ఎప్పుడు వస్తారో కనిపెట్టుకుని ఉండడం అతనికి అలవాటైంది.

ఒక నాడు రాయుడు కాయల కోసం వెళ్లి, దారి బురదగా ఉండి, పొద్దు వాలాక కాళ్లీడ్చుకుంటూ వచ్చాడు. చెట్టు మొదట్లో తాబేలు మెడ చాచి చూస్తోంది.

"ఎక్కడికి పోయావురా ఇంతసేపు? పాలమ్మ రెండుసార్లు అడిగింది" అని కసిరింది.

అన్ని ఇళ్లు కట్టిన చెంగల్రాయుడిని ఇంతకు ముందు ఎవరూ ఆ మాట అడగలేదు. "ఇంటికే వస్తున్నానవ్వా" అన్నాడు.

నీతి: మనం రాకపోతే కంగారుపడేవాళ్లున్న చోటే ఇల్లు, ముందు మనం ఇతరుల కోసం కంగారుపడితేనే అది దొరుకుతుంది.