పెడమొగం తల్లి, పిట్టల ఎంగిలి ప్రసాదం

మొర్రిగుట్ట ఎక్కి గుడిలో అడుగుపెట్టిన భక్తులకు అమ్మవారి వీపు మాత్రమే కనిపిస్తుంది. గుడి వెనుకనున్న మొర్రిచెట్టు వైపు తిరిగి కూర్చున్నందున ఆమెకు పెడమొగం తల్లి అని పేరు వచ్చింది.

పూర్వం ఇక్కడ తల్లి అందరు దేవతల వలెనే వాకిలి వైపు చూస్తూ ఉండేది. వేసవిలో మొర్రిపండ్లు నల్లబడగానే పికిలిపిట్టలు, చిలుకలు, ఉడుతలు కొమ్మలపై చేరేవి. రాలిన పండ్ల కోసం ఎలుగుబంటి పిల్లలతో వచ్చేది. అవి తినగా మిగిలిన గింజలను పగులగొట్టుకొని చెంచులు సారపప్పు తినేవారు.

ఆ సీమను వీరపనాయుడనే పాలెగాడు ఏలుతున్న కాలంలో అతని కూతురి పెళ్ళి మిఠాయిలకు సారపప్పు కావలసి వచ్చింది. గింజ ఒక్కటీ పోరాదని అతడు చెట్టంతా వల కప్పించి కాపలా పెట్టాడు. చిక్కుకున్న పిట్టలు రెక్కలు విరిగి వలలోనే చచ్చాయి. కాగడాలతో తరిమితే ఎలుగు పిల్ల ఒకటి లోయలో పడి చనిపోయింది. ఇంత ఘోరం మిఠాయిల కోసం జరిగింది.

గుడి ఊడ్చే లింగి అనే చెంచు స్త్రీ అది ఓర్వలేక వలను కొడవలితో కోసివేసింది. భటులు ఆమెను నాయుని ఎదుట నిలబెట్టారు.

"నా చెట్టు కాయలకు నేను పిట్టల సెలవు తీసుకోవాలా?" అన్నాడు నాయుడు.

"చెట్టు నువ్వు నాటినావా దొరా? మీ తాత నాటినాడా? ఏ పిట్టో తిని పారేసిన గింజ మొలిచింది. వాటి ఇంట్లో చొరబడి వాటినే చంపితివి. అమ్మ ఇంక నీ మొగం చూడదు" అన్నది లింగి.

నాయుడు ఆమెను ఆ చెట్టుకే కట్టించాడు. మరునాడు పూజకు వచ్చినవారు చూడగా లింగి కట్లు తెగి ఉన్నాయి, రాతి విగ్రహం చెట్టు వైపు తిరిగి ఉంది. నాయుడు మోకులు కట్టి లాగించాడు. శాంతులు చేయించాడు. చివరకు తన చేతులతో వల తీసి లింగి కాళ్ళ మీద పడ్డాడు. అయినా తల్లి తిరగలేదు. చచ్చిన ఎలుగు పిల్ల లేచి రాలేదు కదా.

నేటికీ ఆ చెట్టు కొమ్మలపై కర్ర వేయరాదు, రాయి విసరరాదు. పండ్ల కాలంలో మధ్యాహ్నమే గుడి మూసి గుట్టను ఎలుగులకు విడిచిపెడతారు. పిట్టలు గుజ్జు తిని జారవిడిచిన గింజలనే లింగి వంశపు స్త్రీలు ఏరి, పగులగొట్టి, పప్పును ప్రసాదంగా పెడతారు. అది స్వీకరించిన ఇంట అన్నానికి కరువుండదని నమ్మకం.

ఈమధ్య కొందరు భక్తులు ఇది ఎంగిలి కాదా అని ముఖం చిట్లించి, తాజా పండ్లకై కర్రలెత్తుతున్నారు. వారికి పూజారిణి ఈదమ్మ చెప్పే మాట ఒక్కటే.

"పిట్ట ఎంగిలి పనికిరాని నోటికి అమ్మ ప్రసాదం దేనికి నాయనా? కర్ర కింద పెట్టి గుట్ట దిగు."