సంచి పిడి ఊడింది

శివన్నారాయణ ప్రొబేషన్ ఆఫీసరుగా చేరి ఆరు నెలలైంది. పని నేర్పుతున్నది ఖాసిం పీరా గారు. అదే ఆఫీసులో ముప్పై ఏళ్ళ నుంచీ ఉన్న మనిషి. శివన్నారాయణ ఆయన్ని గురువుగారనే పిలిచేవాడు.

ఒకరోజు రిపోర్టు ఒకటి తెచ్చి ఆయన ముందు పెట్టాడు.

"ఏసుపాదమని, పొలంలో మోటారు ఎత్తుకెళ్ళిన కేసు గురువుగారూ. మొదటి తప్పని జడ్జిగారు జైలుకు పంపకుండా మంచి నడవడిక బాండు రాయించుకుని ఏడాదిపాటు మన పర్యవేక్షణలో ఉంచారు. రెండు నెలల్లో మూడిళ్ళు మారాడు. వెళ్ళినప్పుడల్లా వెతుక్కోవడమే. బాండు రద్దు చేయమని రాశాను. ఇక జైలే."

"ఎలా వెళ్తున్నావు?"

"ఆఫీసు జీపులో. ఇరుగుపొరుగు వాళ్ళనీ విచారిస్తున్నాను. అంతా రూలు ప్రకారమేనండీ."

పీరా గారు రిపోర్టును, ఏసుపాదం పనిచేసే చోటు, వాళ్ళమ్మ జబ్బు దాకా అంతా చదివి పక్కన పెట్టారు. సొరుగులోంచి బ్లేడు తీసి, తన చేతిసంచి పిడి కుట్లు నిదానంగా విప్పేశారు.

"బాగున్న సంచేగా గురువుగారూ?"

"పద, కుట్టించుకొద్దాం."

బస్సెక్కి వెళ్ళారు. మార్కెట్ పక్కన టైలర్ కొట్లో ఏసుపాదం మిషను తొక్కుతున్నాడు. శివన్నారాయణను చూడగానే కాలు ఆగిపోయింది.

గుడ్డ కత్తిరిస్తున్న మేస్త్రి తలెత్తాడు. "ఎవరండీ? మావాడితో పనా?"

"సంచి పిడి ఊడింది. ఈ అబ్బాయి కుట్టు గట్టిదని విన్నాం," అన్నారు పీరా గారు.

"కుట్టు గట్టిదేనండి. నోరే లేదు వెధవకి," అని నవ్వి, మేస్త్రి కొలతలివ్వడానికి వచ్చినవాళ్ళ దగ్గరికి వెళ్ళాడు.

మిషను మళ్ళీ కదిలింది. పీరా గారు స్టూలు దగ్గరికి లాక్కున్నారు.

"అమ్మకి ఆయాసం ఎలా ఉంది?"

"కాస్త తగ్గిందండి."

"మరి ఇల్లెందుకు మారుతున్నావు?"

ఏసుపాదం తలెత్తలేదు. "జీపొచ్చిన మర్నాడే ఖాళీ చేయమంటున్నారండి. మా మేస్త్రికి ఇంకా తెలీదు. తెలిస్తే ఈ పనీ ఉండదు."



మేస్త్రి తిరిగొచ్చి శివన్నారాయణను చూపించాడు. "ఈయనకేం కావాలండీ?"

ఏసుపాదం చేతులు గుడ్డమీద అలాగే ఆగాయి.

"వచ్చే మంగళవారం నా చొక్కా తెస్తాను," అన్నాడు శివన్నారాయణ. "కాలరు అరిగింది, తిరగేసి కుట్టాలి. ఇతనే కుట్టాలి."

అతను తొడుక్కున్న చొక్కా కాలరు ఇంకా గంజి విరగలేదు. మేస్త్రి దానికేసి ఓసారి చూసి, మనకెందుకులే అని కత్తెర అందుకున్నాడు.

ఏసుపాదం మొదటిసారి తలెత్తి శివన్నారాయణ ముఖంలోకి చూశాడు.

"మంగళవారం ఇక్కడే ఉంటానండీ," అన్నాడు.