సి నలభై ఒకటి

మధ్యాహ్నం పన్నెండు నలభైకి డాక్టర్ ప్రభంజన్ టిఫిన్ బాక్సు మూత తీశాడు. చిత్రాన్నం. మొదటి ముద్ద నోట్లో పెట్టుకోకముందే ఒక రెసిడెన్షియల్ కాలేజీ వార్డెన్ వచ్చి, బాక్సు పక్కన కాగితం పెట్టింది. కింద అతని పేరు ముందే టైపు చేసి ఉంది. సంతకమే తరువాయి.

కాగితంలో రెండు వాక్యాలున్నాయి. ఇంటర్ రెండో సంవత్సరం చదువుతున్న నందినికి సైకోసిస్ వచ్చే ప్రమాదం ఎక్కువగా ఉందని ఒకటి. హాస్టల్లో ఉంచడం క్షేమం కాదు కనుక కాలేజీ నుంచి పంపేయవచ్చని రెండోది. పబ్లిక్ పరీక్షలకు రెండు వారాలుంది.

గుమ్మం దగ్గర నందిని తండ్రి మద్దిలేటి నిలబడి ఉన్నాడు. ఉల్లిగడ్డల మార్కెట్లో హమాలీ. తల మీది తువ్వాలు తీసి చేత్తో పట్టుకున్నాడు.

"సార్, ఆ మాట కాయితం మింద పడితే మళ్ళా యా కాలేజీ చేర్చుకుంటాది సార్ నా బిడ్డను?"

ప్రభంజన్ బాక్సు మూత పెట్టేశాడు. అతను ఆ పెద్దాసుపత్రి మానసిక వైద్య విభాగంలో పీజీ చివరి ఏడాది చదువుతున్నాడు. లేని గొంతులు వినిపించడం, లేనివి ఉన్నాయని నమ్మడం సైకోసిస్ లక్షణాలు. పిల్లల్లో అది ఎవరికి రాబోతోందో ముందే పసిగట్టడం అతని పరిశోధన. అందుకోసం పన్నెండు ప్రశ్నలు తయారుచేశాడు. వంశంలో జబ్బు ఉందా, గంజాయి అలవాటుందా, చిన్నప్పుడు తలకు దెబ్బ తగిలిందా. ఒక్కో ప్రశ్నకు ఇన్ని మార్కులని లెక్క.

ఏడో ప్రశ్న: మనిషి కనబడకుండా ఎవరో పిలిచినట్టు వినిపిస్తుందా? దానికి అవునని చెప్పినవాళ్ళు తొమ్మిది మంది. తొమ్మిది మందిదీ ఈ కాలేజీయే. వచ్చే నెల విశాఖపట్నం సదస్సులో అతను చదవబోయే పేపరుకు ప్రాణం ఆ తొమ్మిది.

అందులో నందిని ఇంతకుముందు వచ్చినప్పుడు చెప్పిన జవాబులకు అతను ఎర్ర గీత గీసుకున్నాడు.

"ఎవరు పిలుస్తారు?"

"తెలీదు సార్. మనిషి కనపడడు."

"ఎక్కడినుంచి?"

"పైనుంచి."

"పేరు పెట్టి పిలుస్తాడా?"

"లేదు సార్. సి నలభై ఒకటి అంటాడు."

"నిన్ను ఎవరో గమనిస్తున్నట్టు అనిపిస్తుందా?"

"అనిపించేదేంది సార్? చూస్తానే ఉంటారు."

"పడుకున్నాక కూడా పిలుపు వినిపిస్తుందా?"

"ఒగోసారి. లేచి కూచుంటా."

పేరుతో కాక నంబరుతో పిలిచే గొంతు గురించి అతను ఏ పుస్తకంలోనూ చదవలేదు. ఈ మాటలు నడుస్తున్నంతసేపూ వార్డెన్ ఆ పిల్ల పక్కనే కూర్చుని ఉంది.

ప్రొఫెసర్ మెహరున్నీసా గదిలోకి వచ్చారు. విభాగానికి పెద్ద ఆవిడే. కాగితం చదివారు. దాని కింద ఉన్న ప్రశ్నల షీటు కూడా చదివారు, రెండుసార్లు.

"తొమ్మిది మందీ ఒకే కాలేజీనా అప్పా?"

"అవును మేడమ్. అందుకే పేపరు గట్టిగా ఉంటుందని."

"ఆ కాలేజీ చూశావా?"

"అవసరం పడలేదు మేడమ్. పిల్లల్ని వాళ్ళే ఇక్కడికి పంపారు."

"నిన్న రాత్రి డ్యూటీ నీదేగా?"

"అవును మేడమ్."

"రా. కాగితం తెచ్చుకో. బాక్సూ తెచ్చుకో, కారులో తిందువుగాని. నిద్ర మాత్రం పోవద్దు."

బైపాస్ పక్కన ఐదంతస్తుల భవనం. షాపింగ్ మాల్‌కని కట్టి, నడవక కాలేజీకి అద్దెకిచ్చారు. కిటికీలు లేవనే చెప్పాలి. డీన్ ఎదురొచ్చి, బాదం పాలు తెప్పించాడు.

"పరీక్షల ముందు ఇలాంటి కేసు క్యాంపస్‌లో ఉంటే రిస్క్ మేడమ్. రేపేదైనా జరిగితే పేపర్లో పడేది మా పేరు."

"ఈ కాగితం మీద పడింది ఆ పిల్ల పేరు."

"దానికి డాక్టరు గారి సంతకం ఉంటుంది కదండీ," అన్నాడు డీన్, తనకు సంబంధం లేదన్నట్టు.

మెహరున్నీసా నందిని సీటు చూస్తానన్నారు. డీన్ వాళ్ళను వెనక తలుపులోంచి స్టడీ హాల్లోకి తీసుకెళ్ళాడు. వంద మందికి పైగా పిల్లలు, అందరి తలలూ పుస్తకాల మీద. ప్రభంజన్ పిల్లల్ని చూశాడు. మేడమ్ పైకి చూశారు. కాసేపు అలాగే చూసి డీన్ వైపు తిరిగారు.

"మా డాక్టరు ఆ ఖాళీ సీట్లో కాసేపు కూర్చుంటాడు. మనం మీ గదిలో మాట్లాడుకుందాం." ప్రభంజన్‌తో, "ఏమీ అడగొద్దు. ఊరికే కూర్చో," అన్నారు.

కూర్చున్నాడు. నందినిని అప్పటికే ఇంటికి పంపేశారు; ఎదురుగా ఆ పిల్ల వదిలేసిన కెమిస్ట్రీ పుస్తకం. ఫ్యాను గాలి వేడిగా ఉంది. కడుపులో చిత్రాన్నం, కళ్ళలో రాత్రి డ్యూటీ. ఎప్పుడు తల వాలిందో అతనికి తెలియదు.

"సి నలభై ఒకటి. తల పైకి."

పైనుంచి. మగ గొంతు. కోపం కూడా లేదందులో.

దిగ్గున లేచాడు. మోకాలు బల్లకు కొట్టుకుంది. హాల్లో ఒక్క తల తిరగలేదు, ఒక్కరూ నవ్వలేదు. పైకి చూశాడు. ట్యూబ్‌లైట్ పక్కన నల్లటి గుండ్రని కెమెరా, దాని పక్కన స్పీకరు పెట్టె.

"సి నలభై ఒకటి. కూర్చో. పుస్తకం చూడు."

డాక్టర్ ప్రభంజన్, ఎంబీబీఎస్, కూర్చున్నాడు. పుస్తకం చూశాడు.

పక్క సీటులోని అమ్మాయి తల కదపకుండా, పెదాలు మాత్రం కదిపింది.

"పైకి చూడొద్దు సార్. ఇంగోసారి పిలిస్తే మా వరసంతా నిలబడాల."

అతను వంగి బల్ల ముందు వైపు చూశాడు. కూర్చున్నవాళ్ళకు కనబడని చోట, పైనుంచి చూసేవాళ్ళకు కనబడేట్టు, తెల్ల రంగుతో రాసి ఉంది: సి-41.

డీన్ గదికి ఆనుకుని ఇంకో గది ఉంది. గోడ నిండా తెరలు, ఒక మైకు, దాని ముందు ఒక మనిషి. డీన్, మేడమ్, వార్డెన్ అక్కడే ఉన్నారు. ప్రభంజన్ లోపలికి రాగానే డీన్ పకపకా నవ్వాడు.

"సారీ డాక్టర్ గారూ! మావాడికి మీరెవరో తెలీదు. చూశారా మేడమ్, ఎంత పక్కాగా పనిచేస్తుందో! ఇక్కడ కునుకు తీయడం ఎవరివల్లా కాదు."

"ఎన్నింటికి ఆపుతారు?" అనడిగాడు ప్రభంజన్.

"రాత్రి పదకొండుకి. పొద్దున ఐదుకి మళ్ళీ ఆన్. పరీక్షలు కదా, ఇప్పుడు నాలుగున్నర చేశాం."

ప్రభంజన్ వార్డెన్ వైపు తిరిగాడు. "ఆ అమ్మాయి సి నలభై ఒకటి అని చెబుతుంటే మీరు పక్కనే ఉన్నారు. ఇదీ సంగతని ఒక్క మాట చెప్పలేదే?"

"మీరు నన్నడగలేదు కదా సార్," అందావిడ.

టైపు చేసిన కాగితాన్ని ప్రభంజన్ నాలుగు ముక్కలు చేశాడు. పారేయడానికి చోటు కోసం చూసి, సంచిలోని ఖాళీ టిఫిన్ బాక్సులో వేసి మూత బిగించాడు. జేబులోంచి ఆసుపత్రి చీటీ తీసి నిలబడే రాశాడు. ఈ అమ్మాయికి నిద్ర చాలడం లేదు. ఇంట్లో ఉండి చదువుకుని పరీక్షలు రాయగలదు. వారానికొకసారి మా దగ్గరికి రావాలి. సంతకం చేసి డీన్‌కు ఇచ్చాడు.

డీన్ చదివి బల్ల మీద పడేశాడు. "ఇది మాకు పనికిరాదండీ."

"మీ కోసం రాయలేదు," అన్నారు మెహరున్నీసా. ఆవిడ గొంతు పెరగలేదు. డీన్ నవ్వు మాత్రం ఆగిపోయింది. "ఆ పిల్ల హాల్ టికెట్ మీ బీరువాలో ఉంది. తెప్పించండి. వచ్చేదాకా ఇక్కడే కూర్చుంటాను."

కూర్చున్నారు. డీన్ మూడు ఫోన్లు చేశాడు. ఎవరికి చేసినా కుర్చీలో ఆవిడ అలాగే ఉన్నారు. బాదం పాల మీద మీగడ కట్టింది. హాల్ టికెట్ వచ్చింది.

తిరుగు దారిలో మేడమే కారు నడిపారు.

"మీకు ముందే తెలుసా మేడమ్?"

"తెలీదప్పా. పైనుంచి అని చెప్పింది కదా పిల్ల. పైన ఏముందో చూద్దామనుకున్నా."

ప్రభంజన్, "పడుకున్నాక కూడా వినిపిస్తోందంది. అక్కడ స్పీకరు లేదు. అది లక్షణమే కదా?" అన్నాడు.

"లక్షణమే. ఆ పిల్లని వదలొద్దు, వారం వారం చూడు." రోడ్డు మీది నుంచి చూపు తిప్పకుండా ఆవిడ అడిగారు. "నీ పన్నెండు ప్రశ్నల్లో ఆ పెట్టెకు ఎన్ని మార్కులు వేశావు?"

ఆ సాయంత్రం అతను విశాఖపట్నం వాళ్ళకు ఫోన్ చేసి, పేపరు వెనక్కి తీసుకుంటున్నానని చెప్పాడు. ఎందుకని అడిగితే, సగమే రాశానన్నాడు.

వారం తరువాత నందిని తండ్రితో కలిసి ఓపీకి వచ్చింది. ముఖం తేటపడింది. పగలు కూడా పడుకుంటాందని మద్దిలేటి సంతోషంగా ఫిర్యాదు చేశాడు. రాత్రి పిలుపు ఈ వారం ఒక్కసారే వినిపించిందని ఆ పిల్ల చెప్పింది. ఈసారి ప్రభంజన్ ముందర షీటు పెట్టుకోలేదు. ఇంకేమైనా చెప్పాలా అని అడిగాడు.

తన ట్రంకుపెట్టె తెచ్చుకోడానికి మొన్న హాస్టల్‌కు పోయింది నందిని. దారిలో స్టడీ హాల్లోకి తొంగిచూసింది. డాక్టర్లు వచ్చిపోయిన సాయంత్రమే ఆ సీట్లో ఫస్టియర్ పిల్లను కూర్చోబెట్టారట.

"ఇప్పుడు సి నలభై ఒకటి ఆ పాప సార్," అంది.