మట్టి దాచుకున్న వాసన

సూరాలమ్మకి నలభై ఏళ్ళు. గడప దాటే ముందు ఒకసారి గట్టిగా దగ్గేది. మొగుడు పోయిన ఆడది ఎదురొస్తే పని చెడుతుందని ఆ ఊరివాళ్ళ నమ్మకం. దగ్గు వినగానే వీధిలోవాళ్ళు పక్క సందులోకి తప్పుకునేవాళ్ళు. ఆవిడతో మాట్లాడేవాళ్ళే లేరు.

ఇది ఒకప్పటి మాట. తడిసిన మట్టికి అప్పటికింకా వాసన లేదు.

వాన రాకపోతే ఆ ఊరివాళ్ళు కప్పని రోకలికి కట్టి, ఇల్లిల్లూ తిరిగి, దేవుణ్ణి వేడుకునేవాళ్ళు. వాన వస్తే మాత్రం తలుపులు వేసుకునేవాళ్ళు.

ఆ ఏడూ అంతే. బావులు ఎండాయి. కప్పని ఊరేగించారు. సాయంత్రానికి వాన దిగింది.

"ఒసేవ్ పైడమ్మా, మిరపకాయలు తడిసిపోతున్నాయే!" అని ఊరిపెద్ద గవరయ్య పెళ్ళాం మీద కేకలేశాడు. "పాడు వాన! ఇప్పుడే రావాలా?" తను మాత్రం మంచం దిగలేదు.

వాన ఆ మాట విన్నది. వీధి చివరిదాకా నడిచి సూరాలమ్మ అరుగు ముందు ఆగింది. ఆవిడ ఒక్కతే తలుపు వేసుకోలేదు. చెయ్యి చాపి చినుకులు పట్టుకుంటోంది.

"నువ్వు తిట్టవా?" అంది వాన.

"నా గుమ్మంలోకి వచ్చేదే నువ్వొక్కదానివి. నిన్నెందుకు తిడతానే?"

"దేవుడు పంపితే వచ్చాను. ఇంక రాను. ఈ ఊరికి నన్ను పంపొద్దని ఆయనకే చెప్పేస్తాను."

సూరాలమ్మ మూసిన తలుపుల వైపు చూసింది. వాన మానేస్తే పోయేది తిట్టినవాళ్ళు మాత్రమే కాదు. ఉయ్యాలల్లో పిల్లలూ పోతారు, పాకల్లో దూడలూ పోతాయి.

"రోజూ పొద్దు పొడిచేలా చేస్తున్నాడు, గింజ మొలిచేలా చేస్తున్నాడు. ఆ దేవుణ్ణి మాత్రం ఎవరు చూస్తున్నారు?" అంది. "ఆయనదీ ఇంటి ఆడదాని బతుకే. కూర బాగుంటే ఎవరూ నోరు మెదపరు. ఉప్పు తగ్గిన రోజున కంచం తోసేస్తారు. అయినా ఆయన మానేశాడా?"

"ఆయనకి ఓపికుంది. నాకు లేదు."

"నాకూ లేదులే. అందుకే చెబుతున్నా, ముందు కబురంపి రా. నేను దగ్గితే జనం పారిపోతారు. నీ కబురు అందితే బయటికి రావాలి."

"కబురెవరు మోస్తారు? ఉరుముని పంపితే జడుసుకుని ఇంకా గట్టిగా గడియ బిగిస్తారు."

అప్పుడు కాళ్ళ కింది మట్టి మాట్లాడింది. "నా దగ్గర ఒకటుంది. రాలిన పూలూ, ఎండిన ఆకులూ, మొలవని గింజలూ అన్నీ నాలోనే కలిశాయి. వాటి వాసనంతా దాచిపెట్టాను."

"ఇన్నాళ్ళూ చెప్పలేదేం?" అంది సూరాలమ్మ.

"ఎవరడిగారు? అందరూ నామీదే నడుస్తారు. ఒక్కరూ కిందికి చూడరు."



"ఇంకొక్కసారి వస్తాను," అంది వాన. "ఒక్కరైనా తలెత్తి చూడకపోతే అదే ఆఖరు."

మళ్ళీ ఎండలు కాశాయి. నేల బీటలు వారింది. ఒక మధ్యాహ్నం నాలుగు చినుకులు రాలాయి. మట్టి తన మూట విప్పింది. వాసన వీధి పొడుగునా పరుగెత్తింది. వాకిళ్ళు దాటి వంటిళ్ళలో దూరింది.

గవరయ్య తలుపు సగం మూసి ఆగిపోయాడు. "ఏమిటే ఈ వాసన?"

"వాన," అంది పైడమ్మ. "ఏటా వస్తూనే ఉంది. మీకే ఇవాళ తెలిసింది."

గవరయ్య బయటికొచ్చి తలెత్తాడు. చినుకులు మొహాన పడ్డాయి. తుడుచుకోలేదు. ఒక్కొక్క తలుపూ తెరుచుకుంది. "దేవుడు చల్లగా చూశాడర్రా," అన్నారెవరో. సూరాలమ్మ అరుగు వైపు మాత్రం ఎవరూ చూడలేదు.

వాన ఆ ఊరిని వదల్లేదు.

అప్పటినుంచే తొలి చినుకు పడగానే మట్టి వాసనేస్తుంది. ఎంత పనిలో ఉన్నవాళ్ళయినా చేతిలోది ఆపి, గుండె నిండా పీల్చుకుంటారు.

ఆ ఏడు కోతలయ్యాక సూరాలమ్మ ఊరు విడిచి వెళ్ళిపోయింది. చాలా రోజులదాకా ఎవరూ గమనించలేదు.